నాలుగో చుక్క

కాలేజీలో ఆవిడను పేరుపెట్టి పిలిచేవాళ్ళు తక్కువ. పిల్లలకి ఆవిడ ప్లస్-మైనస్ మేడమ్. వెనకాల పెట్టుకున్న పేరే అయినా, మూడో ఏడు తిరిగేసరికి ప్రిన్సిపాల్ నోట కూడా పొరపాటున వచ్చేసింది. ఆవిడ కోప్పడలేదు. ఏ కొలతనీ ఒంటరిగా రాయకూడదనీ, అది ఎంత అటూ ఇటూ అయ్యుండొచ్చో పక్కన రాసి తీరాలనీ ఆవిడ పిల్లల ప్రాణం తీసేది. ఎవరైనా "డెబ్భై సెంటీమీటర్లు" అని రాసి ఊరుకుంటే దాని చుట్టూ పెన్సిలుతో సున్నా చుట్టి, "నువ్వేమైనా దేవుడివా?" అని పక్కన రాసేది. డెబ్భై, ప్లస్ ఆర్ మైనస్ సున్నా పాయింట్ ఒకటి అని రాస్తే అప్పుడు టిక్కు పడేది.

ఆవిడ నాన్న లారీల కాటా దగ్గర పనిచేసేవాడు. లారీ ఎక్కకముందు ఖాళీ కాటా ముల్లు సున్నా మీద ఉందో లేదో చూసి చెప్పడం చిన్నప్పుడు ఆవిడ పని. ముల్లు ఒక గీత పక్కకి ఉన్నా ఆయన లారీని ఆపేసేవాడు. డ్రైవర్లు కిందనుంచి బూతులు తిట్టేవాళ్ళు. "తిట్టనీ అమ్మాయ్, ముల్లు మనకేమన్నా చుట్టమా?" అనేవాడు ఆయన. ఆవిడ ఫిజిక్సు చదవడానికి ఇంతకన్నా పెద్ద కారణం ఏమీ లేదు.

చదువు అయ్యాక దొరికింది కాంట్రాక్టు ఉద్యోగం. ఏటా జూన్‌లో కొత్త కాయితం మీద సంతకం, ఏప్రిల్‌తో సెలవు. అలా పదకొండేళ్ళు. ఇంటికి ఎవరొచ్చినా అత్తగారు, "మా కోడలు పదకొండేళ్ళుగా కాలేజీకి వెళ్తోందండీ, ఎప్పుడు పాసవుతుందో ఏమో" అనేది. వచ్చినవాళ్ళు నవ్వేవాళ్ళు. మొదట్లో ఆవిడా నవ్వేది.

పై అంతస్తులో వరండా చివర ల్యాబు. ఎనిమిది బల్లలు, ఎప్పుడూ కారే ఒక కుళాయి, గోడ మీద పెద్ద గడియారం, అద్దాల బీరువాలో ఎనిమిది స్టాప్‌క్లాకులు. అవి కీ ఇస్తే నడిచే పాతకాలపువి. రోజూ పొద్దున్నే వాటికి కీ ఇచ్చేది ల్యాబ్ అటెండరు. పిల్లలతో పాటు ఆవిడ కూడా అతన్ని బాబాయ్ అనే పిలిచేది. ఎనిమిదింటిలో రెండు నెమ్మదిగా నడుస్తాయని ఇద్దరికీ తెలుసు. కొత్తవి కావాలని ఆవిడ ఏటా రాసేది. వచ్చే ఏడు చూద్దామని ఆఫీసు వాళ్ళు ఏటా తిరగ్గొట్టేవాళ్ళు.

ప్రాక్టికల్ పరీక్ష అంటే మిగతా కాలేజీలన్నిట్లో ఒక అలవాటు ఉంది. లోలకం ప్రయోగంలో చివర రావలసిన గురుత్వ త్వరణం విలువ తొమ్మిది పాయింట్ ఎనిమిది అని అందరికీ తెలుసు. అందుకని అక్కడ మొదలుపెట్టి వెనక్కి లెక్కగడతారు. అంత రావాలంటే ఏ పొడవు దగ్గర ఎన్ని సెకన్లు పట్టాలో చూసుకుని రీడింగులు రాస్తారు. చుక్కలన్నీ గీత మీద ముత్యాల్లా కూచుంటాయి. ముప్పైకి ముప్పై పడతాయి. ఈ ల్యాబులో మాత్రం పిల్లలు నిజంగా ఊపి, నిజంగా లెక్కపెట్టి, వంకరటింకర చుక్కలతో గ్రాఫు గీసి ఇరవై రెండో ఇరవై మూడో తెచ్చుకునేవాళ్ళు. పర్మనెంట్ చేయమని ఆవిడ పెట్టుకున్న అర్జీ ప్రతి ఏడూ ప్రాక్టికల్ సగటు అన్న గడి దాకా వెళ్ళి అక్కడే ఆగిపోయేది.

ఆ ఏడు జనవరిలో ప్రిన్సిపాల్ పిలిపించాడు.

"కూచోండి మేడమ్. మీకు నలభై నాలుగు కదా?"

"నవంబరుకి నలభై ఐదు సార్."

"అదే చెప్తున్నా. నలభై ఐదు దాటితే మీ ఫైలు కట్ట విప్పేవాడు కూడా ఉండడు. ఇన్నాళ్ళకి ఒక్క పోస్టు వచ్చింది. ఈ ఏడు ప్రాక్టికల్ సగటు ఇరవై ఎనిమిది దాటితే మీది. లేదంటే కెమిస్ట్రీకి పోతుంది. వాళ్ళది ఇరవై తొమ్మిది, తెలుసుగా?"

"మా పిల్లలు చేసింది చేసినట్టు రాస్తారు సార్."

"రాయనివ్వండి, ఎవరొద్దన్నారు? ఆ చేసేదేదో బాగుండాలి అంటున్నా." ఆయన ఒక కాయితం ఆవిడ వైపు తోశాడు. పరీక్షకి సిద్ధం చేయాల్సిన సామాను జాబితా. దారం, ఇనప గుండు, స్టాండు, స్టాప్‌క్లాకు, మీటరు స్కేలు. అందరికీ ఒకటే ప్రయోగం, లోలకం. గ్రాఫుకీ, కొలతల్లో అనిశ్చితికీ కలిపి ఈ ఏటినుంచి పదిహేను మార్కులని కింద రాసి ఉంది.

"మార్కులు సగం మీ ప్లస్-మైనస్‌కే పెట్టారు చూశారా? నేనేం చెప్పలేదు, మీరేం వినలేదు. వెళ్ళిరండి."

ఇంటికి వెళ్ళి భర్తకి చెప్పింది. ఆయన బస్సుల రిజర్వేషన్ కౌంటర్లో గుమస్తా. రోజంతా జనం మీద అరిచి అరిచి ఇంట్లో మెల్లగా మాట్లాడే మనిషి.

"పదేళ్ళు నిజం రాయించావుగా. ఒక్క ఏడు దానికి సెలవు పెట్టు."

"పిల్లలు నన్నేమనుకుంటారు?"

"ఏమనుకుంటారు? హమ్మయ్య అనుకుంటారు."

ఆదివారం భోజనాలయ్యాక ఆవిడ బల్ల తుడిచి, తెల్లకాయితాలు ముందేసుకుని కూచుంది. వెనకనుంచి లెక్కగట్టి గీత మీద చుక్కలు పెట్టడం ఆవిడ వల్ల కాలేదు. మొదటి కాయితం పూర్తిచేసి చూసుకుంటే కళ్ళల్లో కారం కొట్టినట్టయింది. చించేసింది. మనిషి చెయ్యి ఎక్కడెక్కడ తడబడుతుందో పదకొండేళ్ళుగా చూసింది. ఆ తడబాట్లే రాయడం మొదలుపెట్టింది. మొదటి రీడింగు కొంచెం ఎక్కువ రావాలి, అప్పటికి చెయ్యి కుదురుకోదు. దారం పొట్టిగా ఉన్నప్పుడు గుండు గబగబా ఊగుతుంది, అక్కడ ఒక అర సెకను జారిపోవాలి. ఇలా నాలుగు రకాల షీట్లు తయారుచేసింది. దేని తప్పులు దానివే. చివర వచ్చే విలువలు కూడా వేరు వేరు. ఒకదాంట్లో తొమ్మిది పాయింట్ ఏడు, ఒకదాంట్లో తొమ్మిది పాయింట్ తొమ్మిది, ఒకదాంట్లో తొమ్మిది పాయింట్ ఆరు. మూడో షీటులో మాత్రం అనుకోకుండా సరిగ్గా తొమ్మిది పాయింట్ ఎనిమిది వచ్చింది. మరీ నున్నగా ఉందనిపించి, దాంట్లో నాలుగో పొడవు దగ్గర ముప్పై మూడున్నర సెకన్లు ఉండాల్సిన చోట ముప్పై నాలుగు రాసింది. గ్రాఫులో ఆ ఒక్క చుక్క గీతకి పైన విడిగా నిలబడుతుంది. ఎంత అటూ ఇటూ అవ్వచ్చో చూపడానికి దానికి గీసే నిలువు గీత కూడా అసలు గీతని తాకదు. ఈ షీటు రాసిన అమ్మాయి ఇక్కడ ఊపులు లెక్కపెడుతూ పరధ్యానంలో పడిందనుకుంది. అలాంటి అమ్మాయి ఒకతి నిజంగా ఎదురుగా కూచున్నట్టే అనిపించింది.

పని బాగా కుదిరినందుకు ఆవిడకి సంతోషం వేసింది. ఆ సంతోషానికి తర్వాత చాలా రోజులు తన్ను తాను తిట్టుకుంది.

సోమవారం ల్యాబు తలుపు వేసి షీట్లు పంచింది. ఐదుగురికి ఒక రకం షీటు.

"ఎవరిది వాళ్ళే చూసుకోండి, మార్చుకోవద్దు. మీకు రీడింగు సరిగా రాకపోతే ఇది చూసి..." ఆ మాట ఆవిడ పూర్తిచేయలేకపోయింది.

వెనక బల్ల నుంచి ఒకడు, "మేడమ్, మీరేనా?" అన్నాడు. క్లాసంతా ఘొల్లుమంది. ఆవిడ నల్లబల్ల వైపు తిరిగి, అప్పటికే చెరిపేసి ఉన్న బల్లని మళ్ళీ చెరిపింది. ఆ రోజు హాజరు తీసుకోలేదు. అది క్లాసు కాదు కనక.

*

పరీక్ష రోజు బాబాయ్ తలుపు దగ్గర నిలబడి లోపలికి తొంగి చూస్తున్నాడు.

"ఏంటి మేడమ్, అందరూ తెగ ఊపుతున్నారు గానీ ఒక్కళ్ళ పెదాలూ కదలట్లేదు?"

"పెదాలెందుకు కదలాలి బాబాయ్?"

"లెక్కపెట్టుకుంటే కదలవూ? పాతికేళ్ళుగా చూస్తున్నా. ఇరవై ఊపులంటే ల్యాబంతా మంత్రాలు చదువుతున్నట్టుండేది." చెయ్యి చూపిస్తూ అన్నాడు, "ఆ కిటికీ పక్కమ్మాయి ఒక్కతే కదుపుతోంది. పాపం, మాటిమాటికీ గోడ గడియారం వైపు చూస్తోంది. టైము చాలట్లేదేమో."

ఆవిడ చూసింది. కిటికీ పక్క అమ్మాయి దారం సరిచేసి, వంగి, గుండు కదిలించి, పెదాలు కదుపుతోంది. తర్వాత స్టాప్‌క్లాకు చేత్తో పట్టుకుని నిమిషంపాటు గోడ గడియారాన్నే చూస్తూ ఉండిపోయింది. ఇంత నటన అక్కర్లేదనుకుని ఆవిడ మొహం తిప్పుకుంది.

వేరే కాలేజీనుంచి వచ్చిన ఎగ్జామినరు పొట్టిగా, బక్కగా, రిటైర్మెంటుకి దగ్గర్లో ఉన్న మనిషి. మూడింటికల్లా స్టాఫ్ రూమ్‌లో కూచుని పేపర్లు దిద్దడం మొదలుపెట్టాడు. ఎదురుగా కూచుని మార్కుల జాబితా నింపడం ఆవిడ పని. మొదటి పేపరు చూసి తలాడించాడు. రెండోది చూసి ఆగాడు. మూడోది తెరిచి మళ్ళీ మొదటిదాన్ని వెతికాడు. ఆ తర్వాత అన్ని పేపర్లలోంచీ గ్రాఫు కాయితాలు బయటికి లాగి, నాలుగైదు ఒకదాని మీద ఒకటి పెట్టి కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాడు.

ఆవిడకి ఆయన చేతుల కిందనుంచి కనబడింది. అన్ని కాయితాల్లోనూ నాలుగో చుక్క ఒకే చోట, గీతకి పైన, విడిగా.

షీట్లు మార్చుకోవద్దని చెప్పింది. కానీ పిల్లలు సాయంత్రానికల్లా నాలుగూ పక్కపక్కన పెట్టుకుని, దేంట్లో సరైన జవాబు వచ్చిందో చూసుకున్నారు. తొమ్మిది పాయింట్ ఎనిమిది ఉన్న షీటు ఉండగా తొమ్మిది పాయింట్ ఆరున్నది ఎవరు రాస్తారు? ఈ మాత్రం ఆవిడకి తట్టలేదు. తప్పుల్ని గురించి ఇన్నేళ్ళు చెప్పిన మనిషికి, తప్పు కూడా కాపీ కొడతారని తట్టలేదు.

"పందొమ్మిది చేతులు, ఒక్కటే వణుకు," అన్నాడు ఎగ్జామినరు. కాయితాలు దించాడు. "మీరు తయారుచేశారా మేడమ్?"

ఆవిడకి పోస్టు పోయిందని ఒక్కటే అర్థమైంది. పోస్టు ఒక్కటే కాదు, ఈ కుర్చీ కూడా.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ముప్పై ఏళ్ళుగా కాలేజీలు తిరుగుతున్నా. చుక్కలన్నీ గీత మీద నిలబెట్టిన గ్రాఫులు చూసి చూసి మొహం మొత్తింది. తప్పు కూడా రాయించినవాళ్ళని మిమ్మల్నే చూస్తున్నా. ఈ నాలుగో చుక్క ఉంది చూశారూ, అచ్చం నిజంలా ఉంది. ఆ షీటు ఒకటి నాకిస్తారా? మా పిల్లలకి పనికొస్తుంది."

ఆవిడ తలెత్తి చూసింది. ఆయన ఎగతాళి చేయడం లేదు. అదే ఆవిడకి ఎక్కువ బాధగా తోచింది.

"అందరికీ ఒకే మార్కు వేస్తే బాగోదు," అంటూ ఎర్ర పెన్ను మూత తీశాడు. "మార్కుల్లో కూడా కాస్త అటూ ఇటూ ఉండాలి కదా మేడమ్? మీరు చెప్పండి, ఎవరికి ఇరవై ఏడు, ఎవరికి ముప్పై?"

ఆవిడ చెప్పింది. ఒక్కొక్క పేరుకీ ఒక్కొక్క అంకె. పద్ధెనిమిదో పేరు దగ్గరికి వచ్చేసరికి గొంతు మామూలైపోయింది.

చివరికి ఒక పేపరు మిగిలింది. కిటికీ పక్క అమ్మాయిది. ఆయన దాన్ని తెరిచి చాలాసేపు చదివాడు. చదువుతూ చదువుతూ పెన్ను మూత పెట్టేశాడు.

"ఈ అమ్మాయి ఎవరు మేడమ్?"

ఆవిడ పేపరు తనవైపు తిప్పుకుంది. ఆరు పొడవులు, ఒక్కొక్కదానికి మూడేసి రీడింగులు. చుక్కలు వంకరటింకరగా ఉన్నాయి. ప్రతి చుక్కకీ చిన్న నిలువు గీత. వాటి మధ్యనుంచి మంచి గీత ఒకటి, ఆ నిలువు గీతల్ని దాటకుండా పోగలిగినంత ఏటవాలుగా ఇంకో చుక్కల గీత. రెండింటి వాలుల తేడాలోంచి తీసిన అనిశ్చితి. విలువ పది పాయింట్ రెండు. దాని కింద ఆ అమ్మాయి రాసింది: "ఇది ఎక్కువగా ఉంది. గోడ గడియారంలో ఒక నిమిషం గడిచేసరికి నా స్టాప్‌క్లాకు యాభై తొమ్మిది సెకన్లే చూపించింది. మూడుసార్లు చూశాను. దీన్నిబట్టి సవరిస్తే విలువ 9.9, ప్లస్ ఆర్ మైనస్ 0.2."

పదకొండేళ్ళలో ఇలాంటి పేపరు ఆవిడ చేతికి రాలేదు.

"ముప్పైకి ముప్పై ఇవ్వాల్సిన పేపరు," అన్నాడు ఎగ్జామినరు. "కానీ దీంతోనే చిక్కు. కట్టలోంచి ఐదు పేపర్లు తీసి పై ఆఫీసులో చూస్తారు. ఆ స్టాప్‌క్లాకుతోనే ఈ అమ్మాయి పక్కనున్న ఇద్దరు కూడా చేశారు. అది వెనకబడుతోందని ఈమె రాసింది. మరి వాళ్ళకి తొమ్మిది పాయింట్ ఎనిమిది ఎలా వచ్చింది? ఇది చదివినవాడు మిగతావి తిరగేస్తాడు. తిరగేస్తే మీరూ ఉండరు, నేనూ ఉండను."

"అయితే?"

"ఐదింటికి కట్ట సీలు వేయాలి. ఇప్పుడు నాలుగు కావస్తోంది. అమ్మాయి ఇంకా వెళ్ళకపోతే పిలిపించండి. పేపరు పాడైందని కొత్తది ఇద్దాం, అందరిలాగే రాసేస్తుంది. లేదంటారా, ఉన్నది ఉన్నట్టు పంపిస్తా. మీ ఇష్టం."

ఆయన నిజంగానే ఆవిడ ఇష్టానికి వదిలి, ఎదురుగా కూచుని చల్లారిన టీ తాగుతున్నాడు. ఆవిడ లేచి వరండాలోకి వచ్చింది. కింద సైకిళ్ళ షెడ్డు దగ్గర ఆ అమ్మాయి స్నేహితురాళ్ళతో మాట్లాడుతూ ఉంది. బాబాయ్‌ని పంపింది.

ల్యాబులో ఇద్దరే. అమ్మాయి ఆయాసపడుతూ వచ్చి నిలబడింది. ఎందుకు పిలిచిందో చెప్పడానికి ఆవిడ పెద్ద మాటలు ఏవో సిద్ధం చేసుకుంది. ఈ అమ్మాయి ఒప్పుకోదు, ఏడుస్తుంది, మీరే కదా నేర్పారని అడుగుతుంది అనుకుంది. అడిగితే బాగుండునని కూడా లోపల ఎక్కడో ఉంది.

"నీ పేపరు మళ్ళీ రాయాలమ్మా. ఈ షీటు చూసి రాసెయ్."

అమ్మాయి షీటు చూసింది. మొహం చిన్నబోయింది. "ఇదెప్పుడిచ్చారు మేడమ్?"

"సోమవారం."

"సోమవారం నాకు జ్వరం. రాలేదు." కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "అందరికీ ఇచ్చి నాకొక్కదానికే ఇవ్వలేదా? ఒక్కళ్ళు కూడా చెప్పలేదు నాకు. ఇంతసేపూ కింద అదే అడుగుతున్నా, మీకందరికీ అంత సరిగ్గా ఎలా వచ్చిందే అని. నవ్వుతున్నారు గానీ చెప్పట్లేదు."

ఆవిడ షీటుని ఇంకొంచెం ముందుకి జరిపింది.

"నాది తప్పొచ్చిందా మేడమ్?"

నీది ఒక్కటే సరైనదని చెప్పడానికి అప్పుడు ఒక్క క్షణం దొరికింది. చెప్తే ఈ అమ్మాయి మళ్ళీ రాయదు. రాయకపోతే కట్టలో ఆ పేపరే వెళ్తుంది. నవంబరు వస్తుంది.

"ఆ, కొంచెం," అంది ఆవిడ.

"నాకు తెలుసు మేడమ్. పది పాయింట్ రెండు వచ్చినప్పుడే గుండె జారిపోయింది. ఏదో ఒకటి రాయాలి కదా అని స్టాప్‌క్లాకు మీదకి తోసేశా." అమ్మాయి కళ్ళు తుడుచుకుని, స్టూలు లాక్కుని కూచుంది. కొత్త పేపరు మీద నంబరు వేసి, షీటు ఎడమ పక్క పెట్టుకుని, గుండ్రటి అక్షరాలతో పట్టిక గీసుకోవడం మొదలుపెట్టింది. చేతి రాత ముత్యాల్లా ఉంటుంది ఆ అమ్మాయిది. పావుగంటలో గ్రాఫు దగ్గరికొచ్చింది. ఆగింది.

"ఈ నాలుగోది పైకి పోతోందేంటి మేడమ్? గీత మీదకి జరపనా?"

"వద్దు. అక్కడే పెట్టు."

"గీతకి తగలట్లేదే?"

"తగలకూడదు. అందరిదీ అక్కడే ఉంది."

అమ్మాయి అక్కడే పెట్టింది. "హమ్మయ్య, థాంక్స్ మేడమ్. మీరు పిలవకపోతే నాకెన్ని వచ్చేవో," అని దణ్ణం పెట్టి, మెట్లు రెండేసి చొప్పున దిగి వెళ్ళిపోయింది. పాడైన పేపరుని నాలుగు ముక్కలు చేయాలని నిబంధన. ఆవిడ నాలుగు ముక్కలు చేసి చెత్తబుట్టలో వేసింది. ఐదింటికి పది నిమిషాలు ఉండగా ఇద్దరూ సంతకాలు చేశారు. ఎగ్జామినరు లక్క కరిగించి సీలు వేసి, షీటు మడిచి జేబులో పెట్టుకుని, మంచి ల్యాబండీ మీది అని వెళ్ళాడు.

సగటు ఇరవై ఎనిమిది పాయింట్ ఆరు వచ్చింది. మే నెలలో ఆర్డరు వచ్చింది. ఆ రోజు అత్తగారు చుట్టాలకి ఫోన్లు చేసి కోడలు పాసయిందని చెప్పింది.

ప్రిన్సిపాల్ కాయితం చేతికిచ్చి, ఆఫీసు గుమస్తా ఎదురుగానే కుర్చీ చూపించాడు. పదకొండేళ్ళలో అడగకుండా కుర్చీ చూపించడం అదే మొదలు కాదు గానీ, గుమస్తా లేచి నిలబడటం మాత్రం అదే మొదలు.

"అన్నట్టు మేడమ్, ఒక చిన్న పని. కెమిస్ట్రీ మేడమ్ అడుగుతోంది, వాళ్ళ పిల్లలకి కూడా అలాంటిదొకటి తయారుచేసి పెట్టమని. ఆవిడకి మీ అంత నేర్పు లేదు. చుక్కలన్నీ గీత మీదే పెట్టేస్తుందట, వచ్చినవాళ్ళు నవ్విపోతున్నారట."

ఆవిడ ఆర్డరు కాయితాన్ని మడత మీద మడత పెట్టింది.

"మొత్తం ఎంతమంది సార్ వాళ్ళకి?"

"ఇరవై నలుగురు."

"అయితే ఇరవై నాలుగు రకాలు చేస్తాను. ఒక్కొక్కళ్ళకి ఒకటి. అన్నిట్లోనూ జవాబు ఒకటే వచ్చేలా చూస్తా, అప్పుడు మార్చుకోరు."

ప్రిన్సిపాల్ గుమస్తా వైపు తిరిగి నవ్వాడు. "చూశావటయ్యా? పర్మనెంటయ్యాక మనిషికి ఎంత ఓపికొస్తుందో!"